అట్టలక్క అతికించిన పేజీ

గ్రంథాలయం వెనక గదిలో పుస్తకాలు బైండు చేసే ఆవిడకు ఒక పేరుంది కానీ, అది హాజరు పట్టీ దాటి బయటికి వచ్చిన దాఖలా లేదు. అందరికీ ఆవిడ అట్టలక్క. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. భర్త ఒక్కడే ‘ఏమోయ్’ అంటాడు.

ఆ గదిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఉంది. చిరిగిన పుస్తకం చేతికిస్తే ఒకసారి తిరగేస్తుంది, బొటనవేలితో పేజీల అంచు మీటుతుంది, వెన్ను దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంది. “ఇది పడుకుని చదివినవాడి పని,” అంటుంది. “దీన్ని కిటికీలో పెట్టి మర్చిపోయారు. దీని మీద ఎవరో కూర్చున్నారు, కొంచెం భారీ మనిషే.” దారం విప్పి మళ్ళీ కుట్టాలా, జిగురుతో సరిపెట్టాలా, ఇక ఆశ వదులుకోవాలా అన్నది తేల్చడానికి ఆవిడకు అర నిమిషం పట్టదు.

అదే మనిషి ఇంటికొస్తే గోడ మీద పిల్లి. పై అంతస్తు నుంచి కింద వాటాలోకి మారాలా వద్దా అని నాలుగు నెలలు ప్రార్థన చేసింది. ఈలోపు కింద వాటాలోకి వేరేవాళ్ళు దిగిపోయారు. కళ్ళజోడు మార్చడానికీ, సెలవు పెట్టడానికీ, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికీ పైనుంచి అనుమతి రావాలి. భర్త లిఫ్టు మెకానిక్కు. ఆయన ఆదివారం ఆవిడతోపాటు చర్చికి వస్తాడు, కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చుంటాడు, ఆమేన్ గట్టిగానే చెబుతాడు. ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోడు. “ఆయనకి మనింటి పనే సరిపోతున్నట్టుంది. మిగతా లోకాన్ని ఎవరు చూసుకుంటున్నారో పాపం.”

అనుమతి అడగడానికి ఆవిడకు ఒక పద్ధతుంది. దాన్ని ‘వాక్యం తీయడం’ అంటుంది. పొద్దున్నే స్నానం చేసి, వంటింటి బల్ల తుడిచి, వాళ్ళ అమ్మ వాడిన పరిశుద్ధ గ్రంథాన్ని వెన్ను మీద నిలబెడుతుంది. అడగాల్సింది అడుగుతుంది. కళ్ళు మూసుకుని రెండు చేతులూ వదిలేస్తుంది. పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వేలు పెడుతుంది. వేలి కింద ఉన్నది జవాబు. ఒక్కోసారి వేలి కింద వంశావళి వస్తుంది, ఎవడికి ఎవడు పుట్టాడో ఆ వరస. అప్పుడు జవాబు ఇంకా రాలేదని లెక్క, మర్నాడు మళ్ళీ తీయాలి.

ఆ నెల రెండో వారంలో పనిగదిలో ఫోను మోగింది. జిగురు చేతులతోనే ఎత్తింది.

“వదినా, నేను.”

తమ్ముడి పెళ్ళాం గొంతు. ఆరేళ్ళలో ఆ అమ్మాయి ఫోను చేయడం అదే మొదలు. ఇటు నుంచి కూడా ఎవరూ చేయలేదు, నిజం చెప్పాలంటే.

“ఆయనకి రెండు కిడ్నీలూ పోయాయి. ఎనిమిది నెలలైంది, వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోబెడుతున్నారు. మీకు చెప్పొద్దన్నారు. నేనే చేస్తున్నాను. నాది సరిపడలేదు వదినా.” ఆ అమ్మాయి అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు కూడా.

అమ్మ పోయేనాటికి అట్టలక్కకు పదహారు, తమ్ముడికి ఆరు. నాన్న అంతకు ముందే లేడు. వాడికి తల దువ్వింది, బూట్ల దారాలు కట్టడం నేర్పింది, లెక్కల్లో తప్పితే బడికి వెళ్ళి వాడి బదులు తిట్లు తింది. ముప్పై ఆరేళ్ళొచ్చి, గడ్డం కూడా నెరుస్తున్నా ఆవిడ నోట్లో వాడు ఇంకా బుడ్డోడే. ఫోను పెట్టేసి మర్నాడే సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది. ఆ సెలవుకు మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. ఆ సంగతి ఆవిడకే తర్వాత తట్టింది.

మూడు వారాలు పరీక్షలయ్యాయి. రక్తం కలిసింది, మిగతావీ కలిశాయి. “అచ్చు గుద్దినట్టున్నారమ్మా ఇద్దరూ,” అన్నాడు డాక్టరు. “శుక్రవారం పదింటికి ఒకావిడ మీతో మాట్లాడుతుంది. అక్కడ మీరు సరే అని సంతకం పెడితేనే ముందుకు పోతాం. మీ తమ్ముడి చేతి నరాలు ఆ మిషనుని ఇంకెంతో కాలం తట్టుకోవు. ఆలోచించుకోండి.”

ఆలోచించుకోమన్నది సోమవారం. ఆ సాయంత్రం నుంచి ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. గిన్నెలు తోమినవే తోమింది. వీధి చివరి దాకా వెళ్ళి, ఏం కొనడానికి వచ్చిందో గుర్తు రాక తిరిగొచ్చింది. భయం ఫలానా అని చెప్పగలిగితే బాగుండేది. కోతంటే భయమా? మిగిలిన ఒక్కటీ రేపు పాడైతే అన్న భయమా? లేక, లోలోపల ఎక్కడో ఇవ్వడం ఇష్టం లేదేమో, అది బయటపడుతుందేమో అన్న భయమా?

మంగళవారం పొద్దున్న వాక్యం తీసింది. పాతకాలపు జనం ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి తరలిపోయే ఘట్టం వచ్చింది. వేలి కింద, లేచి బయలుదేరమని పెద్దాయన చెబుతున్న వాక్యం. అంటే ఇవ్వమనే కదా! ఒక్కసారి చాలదనిపించి బుధవారం మళ్ళీ తీసింది. అదే పేజీ. గురువారం కూడా వదిలింది. అదే పేజీ.

“ఏవండీ!” అని కేకేసింది. “మూడోసారండీ! మూడుసార్లూ అక్కడే! ఇంకేం కావాలి?”

భర్త గడ్డం గీసుకుంటూ, మొహం నిండా నురగతో వచ్చి తొంగి చూశాడు. “మూడుసార్లూ అదే పేజీనా?”

“అదే పేజీ.”

“లిఫ్టు మూడుసార్లూ ఒకే అంతస్తులో ఆగితే మేం దేవుడనం. రిపేరుందంటాం.”

“నోరు కడుక్కోండి ముందు!”

“సబ్బు నోట్లోనే ఉంది,” అని ఆయన లోపలికి పోయాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. నవ్వడం లేదు. “చూడూ, నువ్విస్తానంటే నేను వద్దనను. ఇవ్వనంటే ఇవ్వమని తోయను. కానీ నిన్న రాత్రి కూడా నువ్వు పడుకోలేదు. జవాబొచ్చిన మనిషి పడుకుంటుంది కదా?”

ఆవిడ సంచీ సర్దుకుంది. గ్రంథాన్ని కూడా అందులో పెట్టుకుంది, ఎందుకో.

ఆ రోజు బల్ల మీద ఒక నిఘంటువుంది. పైన అతికించిన చీటీలో ‘ఎప్పుడూ ఒకేచోట తెరుచుకుంటోంది, చూడగలరు’ అని రాసి ఉంది. అట్టలక్క దాన్ని తిరగేసింది, అంచు మీటింది. అర నిమిషం కూడా కాలేదు. ఎవరో మధ్యలో ఊడిన కాగితాల కట్టను మందపాటి పట్టీ వేసి జిగురుతో అతికించారు. ఆ మడత దగ్గర వెన్ను బిర్రుగా అయిపోయింది. నిలబెట్టి వదిలితే పుస్తకం అక్కడే విచ్చుకుంటుంది, పాపం దానికి వేరే దారి లేదు. “చేతకాని చెయ్యి,” అంది పైకే. అని, చేతిలో పుస్తకం చేతిలోనే ఉండగా అలా నిలబడిపోయింది.

సంచీలోంచి అమ్మ గ్రంథం తీసింది. బల్ల మీద నిలబెట్టి వదిలింది. కళ్ళు మూసుకోలేదు. తరలిపోయే జనం. మళ్ళీ వదిలింది. తరలిపోయే జనం. పదిసార్లు వదిలితే ఏడుసార్లు వాళ్ళే తరలిపోయారు. దీపం కిందికి తీసుకెళ్ళి మడత లోపలికి చూసింది. సన్నటి కాగితం పట్టీ. మైనంలా పసుపెక్కిన జిగురు. ఒక చివర పట్టీ వంకరగా పోయింది.

అది ఎవరి చేతో ఆవిడకు తెలుసు. పదిహేడేళ్ళ వయసులో, ఈ గదిలో చేరిన మొదటి నెలలో, ఊడిపోతున్న అమ్మ పుస్తకాన్ని తెచ్చి తనంతట తాను బాగుచేసుకుంది. మొట్టమొదటి పని. దారం చాలక ఆ ఒక్క కట్టను జిగురుతో కానిచ్చేసింది. అది ఏడాదికేడాది ఎండుతూ ఇప్పటికి పూర్తిగా బిర్రబిగిసింది. ఊరందరి పుస్తకాలకు రోగం చెప్పే మనిషి, దీన్ని ఇరవై తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే చేత్తో పట్టుకుంటూ ఒక్కసారి కూడా అంచు మీటి చూడలేదు. పుస్తకంగా చూస్తే కదా!

మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది.

తమ్ముడి పెళ్ళి. ఆ అమ్మాయిది వేరే విశ్వాసం. వెళ్ళాలా వద్దా అని పెళ్ళి రోజు పొద్దున్న వాక్యం తీసింది. ఆ రోజు వేలు కుడివైపు పేజీ మీద పడింది. చుట్టుపక్కల జనంతో కలవకుండా వేరుగా ఉండమనే వాక్యం. చీర మడత పెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. భర్త ఒక్కడే వెళ్ళొచ్చాడు. జనం తరలిపోయే ఎడమ పేజీకి ఆ కుడి పేజీయే జంట. ఒకే మడత. ఒకే జిగురు.

పని గంటలు ఇంకా మిగిలి ఉన్నాయి. చెప్పకుండా బయటపడి చర్చి వైపు నడిచింది. నడిచిందనడం కంటే పరిగెత్తిందంటే సరిపోతుంది.

పాస్టరు అయ్యగారు చర్చి వెనక నిచ్చెనెక్కి చూరు గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తీస్తున్నారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. కిందికి దిగడానికే రెండు నిమిషాలు పట్టింది.

“ఏమ్మా, రేపే కదా? సమాధానం ఉందా?”

“వచ్చిందనే అనుకున్నానండి. తీరా చూస్తే జిగురు.”

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ మెట్ల మీద కూర్చుని మొత్తం చెప్పింది, పుస్తకం నిలబెట్టి వదిలి చూపించింది కూడా. తరలిపోయే జనం అయ్యగారి ఎదుట కూడా మొహమాటపడలేదు. ఆయన నవ్వాపుకోవడానికి దగ్గారు.

“నేనడిగింది ఆ సమాధానం కాదమ్మా. జవాబు సంగతి కాదు. మనసులో నెమ్మదుందా అని.”

“ఆ సమాధానం అసలే లేదండి. సోమవారం నుంచి కంటి మీద కునుకు లేదు.”

“జవాబొచ్చిందనుకున్న మూడు రోజులూ?”

“అప్పుడు మరీ.”

ఆయన ఆమె పక్కనే మెట్టు మీద మెల్లగా కూలబడ్డారు. “నీకొకటి చెబుతాను, మా ఆవిడకి చెప్పకు. ఈ ఊరికి రావాలా వద్దా అని నేను కూడా గురుతు అడిగాను. పొద్దున్నకి వాన ఆగితే వస్తానన్నాను. ఆగింది. ఎండాకాలంలో వాన ఆగక ఏం చేస్తుందమ్మా? నాకు రావాలనే ఉండేది. ఆ మాట దేవుడితో అనడానికి సిగ్గేసి వాన మీద పెట్టాను.”

“అయితే మీరు చెప్పండి. ఇవ్వమంటారా?”

“చెప్పను.”

“అదేంటండీ!”

“చెబితే రేపటి నుంచి నేనే నీకు ఆ పేజీనవుతాను. నీకు తెలిసింది నువ్వు చెప్పు. డాక్టరేమన్నాడు?”

“నా ఒంటికి ఢోకా లేదన్నారు.”

“ఇంట్లో?”

“ఆయన వద్దనడం లేదు.”

“నువ్వివ్వకపోతే?”

“ఇంకెవరివీ కలవలేదండి. కిడ్నీ కోసం వరసలో ముందే చాలామంది ఉన్నారు. అప్పటిదాకా వాడుండడు.”

“మరి ఇందులో దేవుడు కొత్తగా చెప్పాల్సింది ఏం మిగిలిందమ్మా?”

అట్టలక్క గ్రంథాన్ని సంచీలో పెట్టుకుంది. “భయంగా ఉందండి. ఆయన చెప్పాడని అనుకుంటే, ఏమైనా అయితే ఆయనే చూసుకుంటాడు కదా. నా అంతట నేనంటే, ఏమైనా అయితే నేనే కదా.”

“ఆ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నావా? అడగడం కాదు, అనడం.”

అనలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ దేవుణ్ణి అడిగింది తప్ప దేవుడితో ఏదీ చెప్పుకోలేదు. అయ్యగారు ఉపదేశమేమీ చేయకుండా, “ఆ నిచ్చెన కాస్త పట్టుకో,” అని లేచారు.

అక్కడి నుంచి ఆసుపత్రికి బస్సెక్కింది. గురువారం తమ్ముడు మిషను మీదుండే రోజు. పొడుగాటి గదిలో పది మంచాలు, పక్కన బీరువాలంత మిషన్లు. వాడు కుడివైపు నాలుగోవాడు. చేతికి రెండు గొట్టాలు, ఒకదాంట్లో రక్తం పోతోంది, ఒకదాంట్లో వస్తోంది. మంచం పక్కన మరదలు.

“రేపు పదింటికి కదా, ఇవాళే వచ్చేశావేంటి?” అన్నాడు. “ఇవ్వనని చెప్పడానికైతే ఫోను చేస్తే పోయేది. బస్సు దండగ.”

“ఒరేయ్, నీ పెళ్ళికి ఎందుకు రాలేదో చెప్పడానికొచ్చాను.”

మరదలు లేవబోయింది. “నువ్వుండమ్మా, నువ్వే వినాలి,” అంది అట్టలక్క. చెప్పింది. పుస్తకం, వేలు, కుడి పేజీ, ఇవాళ దీపం కింద కనబడిన పట్టీ. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు.

తమ్ముడు ముందు నవ్వాడు. చేయి కదలకూడదు కాబట్టి మొహంతోనే నవ్వాడు. “జిగురా? జిగురువల్ల నా పెళ్ళికి రాలేదా?” తర్వాత నవ్వు ఆగిపోయింది. “ఆరేళ్ళక్కా. నా పెళ్ళాం నీకు నచ్చలేదని ఆరేళ్ళు అనుకున్నాను. అది కూడా అనుకుంది.”

“ముందు వరసలో మీ కుర్చీ అలాగే ఉంచాం వదినా,” అంది మరదలు, దుప్పటి అంచు సర్దుతూ. “ఎవరైనా కూర్చోబోతే ఈయన లేపేశారు. ఫొటోల్లో కూడా ఉంది, ఖాళీది.”

పక్క మంచం ముసలాయన తలగడ మీద ఇటు తిరిగి శుభ్రంగా వింటున్నాడు.

“ఒకటి విను,” అన్నాడు తమ్ముడు. గొంతు తగ్గించాడు, కానీ పదును తగ్గలేదు. “దేవుడు చెప్పాడని ఇస్తానంటే నాకొద్దు. రేపు ఆయన ఇంకోటి చెప్పాడంటావు. తప్పు చేశాను, దిద్దుకుంటానని ఇస్తానన్నా వద్దు. నీ తప్పు నా కడుపులో పెట్టుకుని తిరగలేను.”

“మరి ఏమని ఇవ్వాల్రా?”

“ఏమో. ఇవ్వాలనుంటే ఇవ్వు. లేకపోతే ఇంటికెళ్ళి పడుకో. నిజంగానే అంటున్నా. కోపం లేదు.”

కోపముంది. అది ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ వెళ్ళేటప్పుడు, “బస్సు దొరుకుతుందా ఇప్పుడు?” అని అడిగాడు.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కళ్ళు మూసుకోలేదు. ప్రభువా, నాకు భయంగా ఉంది, అంది లోపల. ఆపరేషనంటే భయం. నేను చచ్చిపోతే మా ఆయనకి వంట రాదు. ఇచ్చాక వాడు నన్ను మునుపటిలా అక్కా అనకపోతే, ఎందుకిచ్చానా అని ఏడుస్తానేమోనని భయం. వాణ్ణి నేను ఎత్తుకుని తిరిగాను, ఇప్పుడు వాడి కాళ్ళు చూస్తే పుల్లల్లా ఉన్నాయి. నాకు ఇవ్వాలనే ఉంది. ఇవ్వాలని ఉండి కూడా పారిపోవాలని ఉంది. అంతే, ఇంకేం లేదు. బస్సు ఆగింది. ఆవిడ దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకొచ్చేసింది. తిట్టుకుంటూ వెనక్కి నడిచింది. పైనుంచి ఏ జవాబూ రాలేదు. అడగలేదు కాబట్టి, రాలేదని బాధపడే హక్కు కూడా లేదు.

శుక్రవారం పదింటికి ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ లేని చిన్న గదిలో, కళ్ళజోడు తాడుకి వేలాడేసుకున్న ఒకావిడ ఎదురుగా కూర్చుంది. డాక్టరు కాదు. ఇచ్చేవాళ్ళ తరఫు మనిషి, ఇచ్చేవాళ్ళు నిజంగా ఇస్తున్నారా అని చూడడమే ఆవిడ పని. భర్తను బయటే కూర్చోమంది.

“ఎవరైనా బలవంతం చేశారా? మీ ఆయన, తమ్ముడి ఇంట్లోవాళ్ళు, మీ చర్చిలో పెద్దలు?”

“మా అయ్యగారినడిగితే చెప్పనన్నారండి. మా వాడు వద్దంటున్నాడు.”

ఆవిడ కాగితం మీంచి తలెత్తింది. “మరి మీకెవరు చెప్పారు ఇవ్వమని?”

నిన్న పొద్దున్న అయితే ఈ ప్రశ్నకు జవాబు నాలుక చివరే ఉండేది. ‘దేవుడు చెప్పాడండి’ అని తలెత్తి చెప్పి, సంతకం పెట్టి, బాధ్యతంతా పైకి తోసేసి ఇంటికి వెళ్ళేది. ఇప్పుడు గదిలో తనూ, ఆవిడా, గోడ గడియారం.

“ఎవరూ చెప్పలేదండి,” అంది అట్టలక్క. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అన్నట్టు ఒకసారి ఆగింది. “దేవుడు చెబుతాడని చూశాను. చెప్పలేదు. కానీ నేనొక్కదాన్నే ఉన్నానని కూడా అనిపించడం లేదు. ఇది మీ కాగితంలో ఎలా రాస్తారో నాకు తెలీదు.”

“కారణం అని ఒక గడి ఉంది.”

“తమ్ముడని రాయండి.”

ఆవిడ రాసుకుంది. “భయముందా?”

“ఉందంటే వద్దని రాసేస్తారా?”

“లేదన్నవాళ్ళనే మేం ఇంకోసారి పిలుస్తాం.”

“అయితే బోలెడుంది.”

ఆవిడ మొదటిసారి నవ్వింది. తర్వాత గంభీరంగా ఒక్కో మాటా నొక్కి చెప్పింది. “ఆపరేషను పన్నెండు రోజుల తర్వాత. ఈ సంతకం మిమ్మల్ని కట్టెయ్యదు. మత్తు ఇచ్చే ఆఖరి నిమిషం దాకా మీరు వద్దనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మీ తమ్ముడికి మేం ‘కుదరలేదు’ అని మాత్రమే చెబుతాం.”

అట్టలక్కకు ఆ మాట ఏమాత్రం నచ్చలేదు. సంతకం పెట్టేస్తే తలుపు మూసుకుంటుందనుకుంది. పన్నెండు రోజులు తెరిచే ఉంటుందట. పన్నెండు పొద్దులు లేచి, ఎవరూ చెప్పకుండా, మళ్ళీ మళ్ళీ తనే సరే అనాలట. కలం తీసుకుంది. హాజరు పట్టీలో తప్ప వాడని ఆ పేరును నెమ్మదిగా, ఒక్క అక్షరం కూడా తప్పకుండా రాసింది.

బయటికొచ్చేసరికి భర్త వరండాలో లేచి నిలబడ్డాడు. ఆవిడ మొహం చూశాడు. ఆవిడ ఫోను తీసి తమ్ముడికి చేస్తూనే మెట్ల వైపు నడిచింది.

“సంతకం పెట్టాన్రా.”

“ఎందుకు?” అన్నాడు.

“పెట్టాలనిపించింది, పెట్టాను. ఇవాళ్టికి ఇంతే తెలుసు. రేపటి సంగతి రేపడుగు.”

“సరే. రేపడుగుతా,” అన్నాడు తమ్ముడు. “పదింటికి చేస్తా. ఎత్తు.”